సింహం దవడతో ఆళ్లగడ్డకు

మా ఇంటి గేటుకు రెండు సింహాలు. మా ముత్తాతగారి తండ్రి పెట్టించినవి. గోదావరి పాయ ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఇప్పటికీ దారి చెప్పేవాళ్లు "సింహాల గేటు దాటాక ఎడమకు" అనే చెబుతారు. గేటు లోపలి దివాణంలో మాకు మిగిలింది రెండు గదులు, ఒక వరండా. తక్కినదంతా కోళ్ల దాణా గోదాముకు అద్దెకిచ్చాం. అయినా సింహాలు మావే. శివరాత్రికి ముందు ఆ దాణా లారీయే వెనక్కి వస్తూ కుడివైపు సింహాన్ని గుద్దింది. తల పిండైపోయి కింది దవడ ఒక్కటి మిగిలింది. డ్రైవరు దిగి చూసి, "పర్లేదండి, ఇంకోటి ఉంది కదా" అన్నాడు.

ఆ మాట నన్ను నెలల తరబడి బాధించింది. రాతిపనికి ఆళ్లగడ్డ పేరు విన్నాను. అక్కడికి దారి నంద్యాల మీదుగా. నంద్యాలలో మా చెల్లెలి కూతురు కాత్యాయని ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటోంది, ఒక అంగన్‌వాడీ కేంద్రం నడుపుతోంది. ఈ ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఆడపిల్లను ఇచ్చిన ఇంటికి మా వంశంలో పెద్దవాళ్లు ఊరికే పోరు. పని ఉండాలి. ఇప్పుడు పని పడింది.

దవడను పాత పట్టు ఉత్తరీయంలో చుట్టి, గుడ్డసంచిలో పెట్టుకుని, చొక్కా చేతుల గుండీలు పెట్టుకుని బయలుదేరాను. ఎంత ఎండలోనైనా ఆ గుండీలు పెట్టుకోకుండా మా ఇంట మగవాళ్లు గుమ్మం దాటరు.

నల్లమల సొరంగాలు

గుంటూరు దాటాక రైలు నల్లమలలోకి దూరుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలు కేకలు వేస్తారు, పెద్దవాళ్లు వాళ్లను ఆపుతున్నట్టు నటిస్తూ తామూ వేస్తారు. మా వైపు రైళ్లకు సొరంగాలు లేవు. అందుకే మేము కొంచెం గంభీరంగా ఉంటామేమో.

ఎదురు సీట్లో గిద్దలూరు ఆవిడ ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుచుకుంటూ నా ఒడిలోని సంచిని చాలాసేపు చూసింది. చివరికి అడిగింది, "సంచిలో ఏముండాది సామీ, అట్ల పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంటివి?"

సింహం ముఖం అన్నాను. ఉన్నమాటే. కానీ అహోబిలం దిక్కుగా పోయే రైల్లో పట్టుబట్టలో చుట్టిన రాతి సింహం ముఖం అంటే ఏ దేవుడో చెప్పాలా? ఆవిడ చెప్పులు విడిచింది. నేను వివరించేలోగా దవడకు కుంకుమ పెట్టింది. ఒక ముసలాయన మల్లెల దండ తెంపి ఇచ్చాడు. పక్క పెట్టెవాళ్లు కూడా వచ్చి కళ్లకద్దుకుని పోయారు. ఇది గేటు బొమ్మ అని రెండుసార్లు చెప్పాను. "గేటు కాడ నిలబడితే దేవుడు గాడా?" అని ఆవిడ నన్నే మందలించింది. నంద్యాలలో దిగేసరికి మా దవడ పూలతో, కుంకుమతో, అరచెక్క కొబ్బరితో నాకంటే మర్యాదగా ఉంది.

ఉగ్గాని

స్టేషనులో కాత్యాయని "మామయ్యా, ఎట్లుండావు?" అని పలకరించింది. మా చెల్లెలి కూతురు నన్ను ఏకవచనంలో పలకరించడం అదే మొదటిసారి. ఇక్కడ దేవుణ్ణి కూడా అలాగే పిలుస్తారని, గౌరవం తగ్గినట్టు కాదని ఆటోలో ఎక్కాక చెప్పింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆటోకు కిటికీ లేదు కాబట్టి ఊరికే బయటికే చూశాను.

మర్నాడు పొద్దున ఉగ్గాని పెట్టింది. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్లలో తడిపి పిండి, తాళింపులో కలుపుతారు. మీద పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. బయట బండి మీద ముప్పై రూపాయలకు ప్లేటు నిండా పెడతారట. మా వైపు బొరుగులు పిల్లలకు పొట్లం కట్టి ఇచ్చే చిరుతిండి. వాటితో ఒక మనిషి కడుపు నింపుకోవడం నేను చూడలేదు. తిన్నాను, బాగుంది. బజ్జీలోని మిరపకాయ సంగతి వేరు. గింజలు తీయకుండా వేస్తారు ఇక్కడ. ఎలా ఉంది మామయ్యా అని అడిగితే, "రుచికరంగా ఉంది" అన్నాను. ఆ రెండు మాటల మధ్య ఒక చెంబెడు నీళ్లు తాగాను.

చిన్న కుర్చీల గది

ఆళ్లగడ్డకు వెళ్లేముందు తన కేంద్రం చూడమంది. ఒక గది, గోడలకు బొమ్మలు, పద్దెనిమిది మంది పిల్లలు. అందరూ నాలుగేళ్లవాళ్లూ ఆ లోపువాళ్లూ. వాళ్లలో పదకొండు మంది ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు, దక్కనీ అనే ఇక్కడి ఉర్దూ. మిగతావాళ్లది తెలుగు. గది మధ్యలో రెండూ కలిసి పారుతుంటాయి. కాత్యాయని ఒక పాట తెలుగులో పాడి అదే పాట దక్కనీలో పాడింది. మా వంశంలో పాట పాడిన స్త్రీ అంతకుముందు ఎవరూ లేరు. అదీ చేతులూపుతూ.

నేను నిటారుగా నిలబడి చూస్తున్నాను. ఒక చిన్నపిల్ల తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నూనె పెట్టి దువ్విన రెండు పిలకలు. నా కుడిచెయ్యి అందుకుంది.

"చెయ్యి వదులు పెట్టమ్మా. బిగబట్టద్దు."

నా వెనక ఏ ఆవిడ ఉందో అని తిరిగి చూశాను. గోడ ఉంది.

"బొటనేలు లోపలికి మడువు," అంది ఆ పిల్ల, నా వేళ్లను తన రెండు చేతులతో కుదించి నొక్కుతూ. "అంతే, అంతే. ఏం గాదు. అయిపోయె." తర్వాత నా ముఖాన్ని కొంచెంసేపు పరీక్షగా చూసింది. "ఎర్రగా ఉండావు. నీకు ఆకుపచ్చ పొందుతాది." ఇంకొక క్షణం ఆలోచించి, "మల్ల శ్రావణానికి వస్తా" అని చెప్పి వెళ్లిపోయింది.

డెబ్బై ఏళ్లలో నాతో అలా ఎవరూ మాట్లాడలేదు. కాత్యాయని నవ్వు ఆపుకోవడానికి గుడ్ల బుట్ట వైపు తిరిగింది.

ఆ పిల్ల పేరు తస్లీమా. తల్లి పొద్దున్నే విత్తనాలు ఏరే పనికి వెళ్లి సాయంత్రం వస్తుంది. తండ్రి బాషా ఆళ్లగడ్డలో రాతిపని చేస్తాడు, ఆదివారాలే ఇంటికి వస్తాడు. పిల్లను పెంచేది తండ్రి తల్లి గౌస్‌బీ. నలభై ఏళ్లుగా ఇంటింటికీ బుట్టలో గాజులు మోసి తొడిగిన మనిషి. పిల్లకు త్వరగా తెలుగు రావాలని బాషా దసరా నుంచి ఇంట్లో దక్కనీ బంద్ చేశాడు. తన తల్లి కూడా పిల్లతో తెలుగే మాట్లాడాలన్నాడు. గౌస్‌బీకి తెలుగు వచ్చు. కాకపోతే గాజులు తొడిగేంత మటుకే వచ్చు.

అలా ఆ పిల్లకు గాజుల తెలుగు వచ్చింది. అది తప్ప వేరే తెలుగు రాలేదు. నా ముందే ఒకడు కిందపడి ఏడిస్తే తస్లీమా వాడి చెయ్యి పట్టుకుని, "పగల్లేదు, పగల్లేదు. పగిలితే ఇంకోటి ఏస్తా" అని ఓదార్చింది. ఆయా గుడ్డు పెడితే వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది కొత్త రకమా?" అంది. కాత్యాయని దగ్గర కూర్చోబెట్టుకుని అ, ఆ చెప్పమంటే పిల్ల ఎంతో మర్యాదగా, "అయి అయిపోయినాయమ్మా. మల్ల వారం తెస్తా" అంది.

నేను నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. కాత్యాయని మాత్రం ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించింది. పిల్లలు అడిగిన ప్రశ్నలు ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే తెలుగు అక్షరాలతో రాసి పెడుతుంది. పోయినేడు తస్లీమావి నాలుగు పేజీలు. మొదటిది, "కవ్వా చప్పల్ కైకు నై పైంతా?" కాకి చెప్పులు ఎందుకు వేసుకోదు అని. కైకు అంటే ఎందుకు. ప్రతి వరుసలోనూ ఒక కైకు ఉంది. దసరా తర్వాత పేజీలు ఖాళీ.

"గాజుల మాటల్లో ఎందుకు అనే మాట ల్యా మామయ్యా," అంది కాత్యాయని. "గాజులామెకు ఏం రంగు, ఏం సైజు అంటే చాలు. ఇంట్లో బాస దండిగా ఉంటే దాని మీద తెలుగు ఎక్కుతాది. ఈయప్ప బావి పూడ్చి బిందె కొన్నట్టు చేసినాడు."

అంతటితో అయిపోలేదు. గౌస్‌బీకి నోరు ఆగడం లేదు. పిల్ల నవ్వితే మరిచిపోయి తమ మాటల్లో మురిపిస్తుందట. అందుకని వచ్చే ఆదివారం ఆమెను ఆత్మకూరు బస్సు ఎక్కించి కూతురింట్లో దింపి వస్తానని బాషా తేల్చేశాడు. ఆవేళ గురువారం.

కాత్యాయని చెబితే, "అక్కా, నువ్వు నీ ఉద్యోగానికి చెప్తాండావు" అంటాడట. నాలాంటి పెద్దమనిషి చెబితే వింటాడని ఆమె ఆశ. "రేపు నువ్వు పొయ్యే వీధిలోనే ఉంటాడు. రైలుదొర సంగతి చెప్పు మామయ్యా."

అలాంటి సంగతి మన ఇంట ఏదీ జరగలేదని చెప్పాను.

"అమ్మ చెప్పింది."

"మీ అమ్మకు అప్పటికి రెండేళ్లు," అని ఆ విషయం అక్కడితో ముగించాను.

గౌస్‌బీ ఇంట్లో

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. ఇరుకు సందు, శుభ్రమైన గడప. గౌస్‌బీ నాకు కుర్చీ వేసి తాను గాజుల బుట్ట ముందు కూర్చుంది. ఆమె తెలుగు మణికట్టు దగ్గర మొదలై మోచేతి దగ్గర ఆగిపోతుంది. ఆ హద్దులోపల మాత్రం గొప్పది. ఎంత బిగుసుకున్న చేతినైనా మాటతోనే మెత్తబరుస్తుందని కాత్యాయని చెప్పింది. మా వైపు గాజులమ్మేవాళ్లు గేటు బయటే నిలబడేవారు. ఇక్కడ గాజులామెను లోపలికి పిలిచి, పీట వేసి, ముందు తాగడానికి నీళ్లిచ్చి తర్వాత చెయ్యి చాపుతారట. ఈ పద్ధతి బాగుందనిపించింది.

దీపాలు పెట్టే వేళకు తస్లీమా వచ్చి అవ్వ ఒడిలో తల పెట్టుకుంది. గౌస్‌బీ పిల్ల వీపు మీద జోకొడుతూ నోరు తెరిచింది. ఏదో పాట గొంతు దాకా వచ్చింది. మమ్మల్ని చూసి ఆపేసింది. కొడుకు మాట గుర్తొచ్చినట్టుంది. జోకొట్టడం ఆపలేదు. రాగమూ ఆగలేదు. ఆ రాగంలోకి తన దగ్గరున్న తెలుగు పోసింది.

"రెండు డజన్లు తీసుకుంటే తగ్గిస్తా... తగ్గిస్తా... రంగు పోదు, రాయి పడదు... తగ్గిస్తా..."

పిల్లకు కన్ను మూతపడింది. కాత్యాయని లేచి సందులోకి వెళ్లిపోయింది. నేను చొక్కా చేతి గుండీ సరిగానే ఉన్నా మళ్లీ సర్దుకున్నాను.

ఆళ్లగడ్డ

నంద్యాల నుంచి బస్సులో గంటన్నర. శిల్పుల వీధి దూరం నుంచే వినిపిస్తుంది. ఉలి చప్పుడు, కోత మిషను రొద, గాలిలో తెల్లటి పొడి. రోడ్డు పక్కన నడుం దాకా పూర్తయిన దేవుళ్లు, ముఖం ఇంకా రాని నాయకులు, రెక్కలు ఎండబెట్టుకుంటున్నట్టు ఒక గరుత్మంతుడు. మా వైపు దేవుడంటే పూర్తయ్యాకే చూస్తాం. ఇక్కడివాళ్లు దేవుడి మోకాలి మీద టీ గ్లాసు పెట్టి పని చేసుకుంటారు. మొదట కోపం వచ్చింది. తర్వాత నేనూ పెట్టాను, వేరే చోటు లేదు.

శిల్పి ఆచారి యాభై ఏళ్ల మనిషి. సంచి విప్పి కుంకుమ, వాడిన మల్లెలు చూసి నమస్కారం పెట్టాడు. "యా దేవుడప్పా?"

దేవుడు కాదు, మా గేటు సింహం అన్నాను.

దవడను కడిగి, తిప్పి చూసి, బోర్లించి చూసి, బొటనవేలితో అంచు నిమిరాడు.

"సింహం గాదు. కుక్క."

మా వంశ చరిత్ర క్లుప్తంగా చెప్పాను. ఎంత క్లుప్తంగా చెప్పినా పదినిమిషాలు పట్టింది. ఓపిగ్గా విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే గావచ్చునప్పా. ఇది మాత్రం కుక్క. ఈ పెదవి యేలాడతాంది సూడు. సింహానికి యేలాడదు. జూలు దవడ కాణ్ణించే మొదలుగావాల, ఆ గుర్తే ల్యా. చెక్కినోడు సింహాన్ని చూసినోడు గాడు. ఇంట్లో ఉండేదాన్ని చూసి చెక్కినాడు. మంచి కుక్క. పనిమంతుడే." తర్వాత దయగా అడిగాడు, "ఆ రెండోది గూడా ఇట్నే ఉండాదా?"

ఇట్నే ఉంది. నాలుగు తరాలు రెండు కుక్కల మధ్యనుంచి గుర్రపు బళ్లలో వెళ్లాయి.

వెనక ఎవరో నవ్వి, వెంటనే దగ్గుగా మార్చారు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి పొడితో ముప్పై ఏళ్ల మనిషి, నంది వీపు నునుపు చేస్తున్నాడు. అతనే బాషా.

మధ్యాహ్నం అతనే నన్ను దగ్గరలోని మెస్సుకు తీసుకెళ్లాడు. రాగిసంగటి, ఊరిబిండి అనే శనక్కాయల పచ్చడి. సంగటి ముద్దను తుంచి, ఊరిబిండిలో అద్ది మింగాలట, నమలకూడదట. ఇది తెలియక నేను నమిలాను. ఆవేళ నా దవడకూ మా గేటు దవడకూ తేడా లేకపోయింది. నోరు అంటుకుపోయి నేను మాట్లాడలేకపోయేసరికి బాషాయే మొదలుపెట్టాడు.

"కాత్యాయనక్క పంపించిందా?"

తలూపాను.

"సార్, నేను ఒకటో తరగతిలో మూడేండ్లుండా. అయ్యవారు ఏమడుగుతాండాడో తెల్దు. అందురూ నవ్వితే నేనూ నవ్వేటోణ్ణి. కొట్టేటోడు. ఏడిస్తే ఎందుకేడుస్తాండావని మల్ల కొట్టేటోడు. అది గూడా అర్తం గాల్యా." గ్లాసులో నీళ్లు నాకు పోశాడు. "నా బిడ్డకు ఆ కత వద్దు. మా యమ్మను తోలెయ్యాలని నాకేమన్నా సరదానా? ఆమెకు నోరు ఆగదు, అంతే."

చెప్పవలసినవి పొద్దున బస్సులో వరసగా అనుకున్నాను. భాష ఔన్నత్యం, మాతృమూర్తి స్థానం, ఇలాంటివి. అతని మాట విన్నాక వాటిలో ఒక్కటీ పనికొచ్చేలా కనిపించలేదు. పొద్దున్నే సింహాలు పోగొట్టుకున్న మనిషికి ఇంకా దాచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. సంగటి మింగి, రైలుదొర సంగతి చెప్పాను. మా ఇంటి బయట దాన్ని చెప్పడం అదే మొదలు.

అప్పుడు నాకు ఐదేళ్లు. దివాణంలో పిల్లలు ఇంగ్లీషే మాట్లాడాలి, తెలుగు వినిపించకూడదని మా తాతగారు ఆజ్ఞ వేశారు. చదువు చెప్పడానికి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక దొరను పెట్టారు. మంచివాడే. కాని ఆయన ఇంగ్లీషంతా రైలు ఇంగ్లీషు. ఏడాదికి నాకూ అదే వచ్చింది. ఆ రోజుల్లో కలెక్టరుగారు భార్యతో మా ఇంటికి తేనీటికి వచ్చారు. మా భూముల విన్నపం ఒకటి ఆయన చేతిలో పెట్టాలని తాతగారు నెలలుగా కాచుకుని ఉన్నారు. నాకు మఖమలు కోటు తొడిగి తీసుకొచ్చారు. కలెక్టరుగారి భార్య వంగి నా పేరడిగింది. నేను సెల్యూట్ చేసి, "టికెట్ ప్లీజ్" అన్నాను. ఆమె నవ్వింది. మెచ్చుకుందనుకుని నాకు వచ్చిన మిగతా విద్య కూడా చూపించాను. "స్టాండ్ క్లియర్" అని అరిచి, దొర ఇచ్చిన ఈల ఊది, పచ్చగుడ్డ ఊపాను. కలెక్టరుగారు లేచి నిలబడ్డారు. దివాణంలో అతిథులను సాగనంపే పద్ధతి ఇదేమో అనుకున్నారట. జీపెక్కి వెళ్లిపోయారు. టీ తాగలేదు. విన్నపం బల్ల మీదే ఉండిపోయింది.

బాషా ఎంత నవ్వాడంటే కన్నీళ్లు ముఖం మీది తెల్లపొడిలో రెండు దారులు చేశాయి. మెస్సు యజమాని గరిటె పట్టుకుని వచ్చి ఏమైందని అడిగితే అతనికీ చెప్పాడు. ఈల ఊదడం కూడా చేసి చూపించాడు. నేను నిటారుగానే కూర్చున్నాను.

"ఆ ఆజ్ఞకు ముందు మా నాయనమ్మ నాకు తలంటుతూ రోజూ కథ చెప్పేది," అన్నాను. "ఒక నక్క కథ. నక్క బావి దగ్గరికి వచ్చిందాకా చెప్పింది. మర్నాటి నుంచి తెలుగు బంద్. మళ్లీ తెలుగు మాట్లాడమనేసరికి ఆమె లేదు."

బాషా నవ్వడం మానేశాడు. "నక్క ఏమాయె?"

"తెలియదు."

అతను సంగటి పళ్లెం పక్కకు జరిపాడు. తర్వాత చొక్కాకు ఫోను తుడిచి ఇంటికి కలిపాడు. పిల్లను పిలిచి, రోజూలాగే తెలుగులో, "ఏం చేస్తాండావు?" అన్నాడు. స్పీకరులో తస్లీమా మర్యాదగా జవాబిచ్చింది, "బాగుండాది నాయనా. రంగు పోదు."

అతను ఆ మాట ఇంతకుముందు వందసార్లు విని ఉంటాడు. ఇప్పుడు మెస్సు యజమాని వైపు, నా వైపు చూశాడు. అదే ప్రశ్న గొంతు తగ్గించి దక్కనీలో అడిగాడు.

అవతల గాజులు గలగలమన్నాయి. తర్వాత ఆ పిల్ల మొదలుపెట్టింది. తండ్రిని "అబ్బా" అని పిలిచి ఊపిరి తీసుకోకుండా సాగింది. బాషా మధ్యలో మాట కలపాలని రెండుసార్లు చూసి, మూడోసారి నా వైపు చూస్తూ ఏదో చెప్పాడు. నాకు అర్థమైంది ఒకే మాట. కైకు. అది పదిసార్లయినా వినిపించింది.

"ఏమంటోంది?" అన్నాను.

"నీ గురించి చెప్తి సార్. కుక్కకు సింహమని పేరు ఎందుకు పెట్టినారు అంటాండాది."

నేను ఇంకో సంగటి ముద్ద తుంచి, ఈసారి నమలకుండా మింగాను. చివర్న ఫోను గౌస్‌బీ అందుకుంది. బాషా తల దించుకుని ఆమెతో రెండే మాటలన్నాడు, "ఆత్మకూర్ నక్కో." నక్కో అంటే వద్దు అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సాయంత్రం ఆచారికి ఇంకో కుక్కనే చెక్కమన్నాను. జత చెడకూడదు. ఆయన ఒక ధర చెప్పాడు. మా ఇంట బేరం ఆడరు కాబట్టి తలూపాను. బాషా నంది వెనకనుంచి, "అన్నా, కుక్కకు సింహం రేటు చెప్తాండావే" అన్నాడు. ఆచారి నవ్వి తగ్గించాడు.

మళ్లీ నంద్యాల

శనివారం పొద్దున కేంద్రంలో గౌస్‌బీ చాప మీద కూర్చుని దక్కనీలో కథ చెప్పింది. ఏ కథో అడగండి. నక్క కథ. తెలుగు పిల్లలు ఏడుగురూ నోళ్లు తెరుచుకుని విన్నారు. నాకు అర్థం కావడం లేదని తస్లీమా గమనించి, నా మోకాలి పక్కన నిలబడి తెలుగు చేసింది. "నక్క పాయె. బావి కాడికి పాయె. చెయ్యి వదులు పెట్టె. పడె."

అది మా నాయనమ్మ నక్కో కాదో తెలియదు. బావి మాత్రం అదే. "ఎలా బయటికొచ్చింది?" అని అడిగాను. బహుశా అవసరమైన దానికంటే గట్టిగా.

అంతలో గుడ్ల వేళ అయింది. తస్లీమా నన్ను జాలిగా చూసింది. "అది ఇయ్యాల తేలేదమ్మా. సోమవారం తెస్తా."

నా రైలు ఆ సాయంత్రం. టికెట్టు రద్దు చేయించమని కాత్యాయని భర్తతో నేనే చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. కాత్యాయని మాత్రం రెండు రోజులూ ఉగ్గాని చేస్తూ నవ్వుతూనే ఉంది. బజ్జీలో గింజలు తీసి వేసింది. ఆదివారం బాషా వచ్చాడు. ఆత్మకూరు బస్సు తన వేళకు వెళ్లింది. గౌస్‌బీ ఆ వేళకు గడపలో కూర్చుని పిల్ల తల దువ్వుతూ, గట్టిగా, వీధంతా వినేలా మాట్లాడుతోంది.

సోమవారం ఒక చిక్కు వచ్చింది. మిగతా కథ నాకు తానే తెలుగులో చెబుతానంది గౌస్‌బీ. అయితే చేతిలో చెయ్యి లేకపోతే ఆమెకు తెలుగు రాదు. "చెయ్యి ఇయ్యండి" అంది. పద్దెనిమిది మంది పిల్లలు చూస్తున్నారు. కుడిచేతి గుండీ విప్పాను. ఆమె నా వేళ్లను కుదించి, సబ్బునీళ్లు రాసి నొక్కుతూ చెప్పింది. తెలుగు చాలని చోట తస్లీమా అందించింది.

నక్క బావిలో ఉంది. ఒకామె నీళ్లకొచ్చి బొక్కెన దింపింది. లోపలినుంచి, "కైకు?" అని వినిపించింది. నీళ్లకు అంది ఆమె. కైకు? అన్నానికి. కైకు? మొగుడికి. కైకు? ఆమెకు జవాబు దొరకలేదు. మళ్లీ వినిపించింది, ఈసారి పిల్లలంతా కలిసి అరిచారు, "కైకు?" ఇట్ల అడిగేది ఎవరో చూసి రెండు తగిలించాలని ఆమె కోపంగా బొక్కెన పైకి లాగింది. బొక్కెనలో నక్క. ఎగిరి దూకి పోయింది.

"అయిపోయె," అంది గౌస్‌బీ. కథ సంగతే చెబుతోందనుకున్నాను. కిందికి చూస్తే నా మణికట్టు మీద ఆకుపచ్చ గాజు ఉంది. రంగు తస్లీమా ముందే నిర్ణయించింది కదా. తీయమన్నాను. తీయాలంటే పగలగొట్టాలి, వేసిన చేత్తో పగలగొట్టనంది గౌస్‌బీ. తస్లీమా తన అవ్వ తెలుగునంతా ఒక్క మాటకు కుదించింది: "నక్కో."

ఇంటి దగ్గర

నెలకు ఆళ్లగడ్డ నుంచి కుక్క వచ్చింది. పెదవి చక్కగా వేలాడుతోంది. దాణా లారీ డ్రైవరు దిగి చూసి, కొత్త సింహం బాగుందండి అన్నాడు. కుక్క అని చెప్పాను. ఎందుకండి అన్నాడు. నిలబెట్టి మొత్తం చెప్పాను, ఈల దగ్గరనుంచి. ఆ పూట దాణా ఆలస్యంగా దిగింది.

కుడిచేతి గుండీ ఇప్పుడు పెట్టుకోవడం లేదు, పెడితే గాజు నొక్కుకుంటుంది. ఇది రాస్తుంటే కూడా బల్లకు తగిలి మోగుతోంది. శ్రావణానికి నంద్యాల టికెట్టు కొన్నాను. ఈసారి సంచిలో ఏమీ లేదు. పని కూడా ఏమీ లేదు.